పాల పద్దు ఉన్నది, మందుల పద్దు ఏది?

మన మధ్యతరగతి ఇళ్ళలో లెక్క లేని వస్తువు అరుదు. పాలవాడు ఏ రోజు నాగా పెట్టాడో క్యాలెండరు మీద సున్న చుట్టి ఉంటుంది. ఇస్త్రీకి వేసిన బట్టల లెక్క గోడకు వేలాడే చిన్న పుస్తకంలో ఉంటుంది. గ్యాసు బండ ఏ తేదీన మార్చామో కూడా రాసుకుంటాము. ఇంతటి జాగ్రత్త గల గృహాలలో ఒక్క వస్తువుకు మాత్రం పద్దు ఉండదు. ఆ వస్తువు మందు. గడచిన నెలలో మీ ఇంటి పెద్దవారు ఎన్ని నొప్పి మాత్రలు మింగారని నేను ఇప్పుడు అడిగితే, తడుముకోకుండా చెప్పగలవారు ఎందరుంటారో పాఠకులే ఆలోచించుకోవాలి.

మనం లెక్క వేయకపోయినా ఆ లెక్క తప్పకుండా వేసే అవయవాలు మన దేహంలో రెండున్నవి. అవి వెన్నెముకకు ఇరువైపులా, చిక్కుడు గింజల ఆకారంలో, పిడికెడంత పరిమాణంలో ఉండే మూత్రపిండాలు. మనం మింగిన మాత్రలలోను, తాగిన కషాయాలలోను చాలావరకు చివరకు వాటి గుండానే బయటికి పోవాలి. నోరు మరచిపోయిన దానిని అవి మరచిపోవు.

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. వృత్తిలోకి వచ్చి నలభై ఏళ్ళు కావస్తున్నది. ఇటువంటి విషయం మీద నావంటివాడు రాసే వ్యాసంలో ఇతర వైద్య విధానాలను నిందించి, మన విధానాన్ని పొగడడం ఆనవాయితీ. ఈసారి ఆ పని చేయలేను. తప్పు నా ఇంటిలోనే, నా కళ్ళ ఎదుటనే జరిగింది. ముందు ఆ సంగతి విన్నవించి, తరువాత నా అభిప్రాయం చెబుతాను.

మా అమ్మ దాచిన డబ్బా

2003వ సంవత్సరం మే నెల. ఆంధ్రదేశంలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన వేసవి అది. మా అమ్మకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. మా అన్నయ్య ఇంట, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. రక్తపోటుకు ఆరేళ్ళుగా ఎనలాప్రిల్ మాత్ర, దానితోపాటు ఒంటి నీరు తీసే మాత్ర ఒకటి వాడుతున్నది. మోకాళ్ళ నొప్పులకు మాత్రం వైద్యం నాది. యోగరాజ గుగ్గులు, రాస్నాది కషాయం ఇచ్చేవాణ్ణి. “ఎట్లా ఉందమ్మా?” అని అడిగితే, “నీ మందు పడ్డాక బాగానే ఉంది నాయనా” అనేది. నేను సంతోషించేవాణ్ణి. నలుగురికీ చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ నెలలో ఒక పెండ్లి భోజనం తరువాత అమ్మకు విరేచనాలు పట్టుకున్నవి. రెండు రోజులు తగ్గలేదు. జ్వరం, ఒళ్ళు నొప్పులు. మూడవ రోజు విరేచనాలు కట్టినవి గాని పాదాలు వాచినవి. మూత్రం బొత్తిగా తగ్గింది. అన్నయ్య కబురు పెడితే వెళ్ళి చూశాను. శోథ అనుకున్నాను. పునర్నవా కషాయం, పల్లేరు కాయల కషాయం ఇచ్చాను. ఎండాకాలం గనుక మూత్రం తగ్గిందని వదినకు ధైర్యం చెప్పాను. అట్లా నాలుగు రోజులు గడిచినవి. అయిదవ రోజు ఉదయం అమ్మకు వాంతులు మొదలై మగత కమ్మింది. అప్పుడు గాని ఆసుపత్రికి తీసుకువెళ్ళలేదు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ 6.4 అని వచ్చింది. సాధారణంగా అది ఒకటికి అటూ ఇటూ ఉండవలసినది. మూత్రపిండాల వైద్యుడు వయసులో నాకంటే చిన్నవాడు. “అమ్మగారు ఏమేమి మందులు వాడుతున్నారండీ?” అని అడిగాడు. రక్తపోటు మాత్రలు చెప్పాను, నా మందులు చెప్పాను. “ఇంకా?” అన్నాడు. “ఇంకేమీ లేవు” అన్నాను. పక్కన నిలబడిన వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “ఉన్నాయండీ, అత్తయ్యగారి డబ్బాలో ఉన్నాయి” అన్నది.

అది పాత బిస్కెట్ల డబ్బా. వదిన తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. ముగ్గురు వైద్యులు వేరువేరు కాలాలలో రాసిన మాత్రలు, పేరు చిరిగిపోయిన అట్టలు, నేనే కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన, ఏ పేరూ రాయని చూర్ణాలు ఉన్నవి. అన్నిటికంటె ఎక్కువగా డైక్లోఫెనాక్ నొప్పి మాత్రల అట్టలు ఉన్నవి. ఎదురింటావిడ ఒకసారి ఇచ్చిందట. మోకాళ్ళు తేలికపడినవట. ఆనాటి నుండి మందుల దుకాణం కుర్రవాడితో తెప్పించుకొని రోజుకు రెండు చొప్పున ఏడాదిగా వేసుకుంటున్నదట. విరేచనాల జ్వరంలో ఒళ్ళు నొప్పులని మూడు కూడా వేసుకున్నదట. ఆ వైద్యుడు నన్ను ఒక్క మాట అనలేదు. వేలితో మాత్రలను మూడు కుప్పలుగా జరిపి, “ఈ మూడూ ఒంట్లో నీరు లేని సమయంలో కలిసినవి” అన్నాడు. అంతే.

మూడుసార్లు డయాలిసిస్ జరిగిన తరువాత అమ్మకు మూత్రం సరిగా రాసాగింది. కోలుకున్నాక ఒకనాడు, “ఆ మాత్రల సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను. “నీ మందు పని చేయటం లేదంటే నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు నాయనా” అన్నది. ఈ మాట నేను ఈనాటికీ మరువలేదు. ఆమె దాచింది మాత్రలను కాదు, నా అహంకారం దెబ్బతినకుండా నన్ను. అడగవలసిన ప్రశ్న అడగని వైద్యుణ్ణి నేను. పోగొట్టిన నాలుగు రోజులు నావి.

మూడు మందులు, ఒక వేసవి

అసలు జరిగినదేమిటో గృహిణులకు కూడా అర్థమయ్యేటట్లు చెబుతాను. ఒక్కొక్క మూత్రపిండంలో ఇంచుమించు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలుంటాయి. గుండె పంపే రక్తంలో అయిదవ వంతు, అంటే నిమిషానికి లీటరుకు పైగా, ఈ రెండు చిన్న అవయవాలలోకే పోతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు వచ్చి, అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలో చేరి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రమవుతుంది. ఈ పని సాగడానికి లోపలికి వచ్చే రక్తపు ఒత్తిడి నిలకడగా ఉండాలి.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు, వయసు మళ్ళినప్పుడు, మూత్రపిండం తన లోపలికి రక్తం తెచ్చే నాళాన్ని తెరచి ఉంచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. నొప్పి మాత్రలు పని చేసేది ఈ పదార్థాలను అణచివేయడం ద్వారానే. నొప్పి తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, దానితోపాటు మూత్రపిండానికి వచ్చే రక్తమూ తగ్గుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్, నిమెసులైడ్, న్యాప్రాక్సెన్ ఇవన్నీ ఈ కోవలోనివే.

ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మందులు మూత్రపిండం నుండి రక్తం బయటికి పోయే నాళాన్ని సడలిస్తాయి. మామూలు రోజులలో ఇది మూత్రపిండానికి మేలే చేస్తుంది. నీరు తీసే మాత్ర దేహంలోని నీటిని తగ్గిస్తుంది. వచ్చే దారి నొప్పి మాత్ర ఇరుకు చేసింది, పోయే దారి రక్తపోటు మాత్ర వెడల్పు చేసింది, ఉన్న నీటిని మూడవ మాత్ర, విరేచనాలు, మే నెల ఎండ కలిసి లాగేసినవి. వడపోత నిలిచిపోయింది. ఈ మూడు మందులలో ఏ ఒక్కటీ విషం కాదు. మూడింటినీ ఒకచోట చూసినవారు లేకపోవడమే విషమయింది. వైద్యులు చాలాకాలంగా ఎరిగిన ప్రమాదమిది. మన ఇళ్ళలో మాత్రం ఇంకా కొత్తదే.

నొప్పి మందుల పాత చరిత్ర

ఇది ఒక్క మా ఇంటి ముచ్చట కాదు. ఎ.పి.సి. మాత్రలు పెద్దవారికి గుర్తుండవచ్చు. తలనొప్పికి, ఒళ్ళు నొప్పులకు విరివిగా ఇచ్చేవారు. అందులోని మధ్య అక్షరం ఫెనసెటిన్ అనే మందుది. దానితో కలిపిన నొప్పి మందులను ఏళ్ళ తరబడి వాడినవారిలో మూత్రపిండాలు క్షీణిస్తున్నవని స్విట్జర్లాండు వైద్యులు 1953లో గుర్తించారు. అమెరికా దానిని తొలగించినది 1983లో. మన దేశపు నిషిద్ధ ఔషధాల జాబితాలోనూ అది చేరింది. ప్రమాదాన్ని గుర్తించడానికీ తొలగించడానికీ నడుమ మూడు దశాబ్దాలు గడిచినవి. ఆ మధ్యకాలంలో మింగినవారందరూ, అది మంచి మందేనని నమ్మి మింగినవారే.

ఇంకొక సాక్ష్యం మన ఆకాశం నుండి వచ్చింది. మా చిన్నతనంలో ఊరి బయట పశువుల కళేబరాల మీద రాబందులు గుంపులుగా వాలేవి. 1990ల నుండి అవి నూటికి తొంభైకి పైగా నశించినవి. కారణం తెలియక శాస్త్రజ్ఞులు తలలు పట్టుకున్నారు. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి అవి చనిపోతున్నవని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మనిషి రాబందు కాదు. మన దేహం ఆ మందును చాలావరకు తట్టుకోగలదు. అయినా, వైద్యుని సలహా లేకుండా చిల్లర పైసలకు దొరికే ఒక మాత్రకు ఎంతటి శక్తి ఉన్నదో ఆ పక్షులు మనకు చెప్పిపోయినవి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు బాధ ఇక్కడ గుర్తుకు రాక మానదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో ఎన్నో కుటుంబాలు మూత్రపిండాల వ్యాధితో కుంగిపోయినవి. 2023 డిసెంబరులో పలాసలో దీనికై ప్రత్యేక పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వెలసినవి. అక్కడి వ్యాధికి అసలు కారణం నొప్పి మాత్రలని ఎవరూ నిరూపించలేదు, నేనూ ఆ మాట అనను. కాని మండుటెండలో, నీరు చాలని ఒంటితో పని చేసి వచ్చి, రాత్రికి నొప్పి మాత్ర వేసుకొని పడుకొనేవారికి, అప్పటికే బలహీనపడిన మూత్రపిండం మీద ఆ మాత్ర అదనపు బరువు అన్నది మాత్రం నిస్సందేహం.

“మన మందుకు దోషం లేదు” అనే భ్రమ

ఇంతవరకు చదివిన పాఠకులలో కొందరు, “అందుకే కదా మేము ఆకులు, చూర్ణాలు మాత్రమే వాడుతున్నాము” అని ఊరట చెందుతూ ఉండవచ్చు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. ప్రకృతి నుండి వచ్చినదంతా నిరపాయకరమని చరకుడు ఎక్కడా చెప్పలేదు. తీరుగా వాడితే విషం కూడా ఔషధమవుతుందని, తీరు తప్పితే ఔషధమే విషమవుతుందని సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఆయన హెచ్చరించాడు. దోషం లేని మందు అనే మాట మన శాస్త్రానిది కాదు, ప్రకటనలది.

బెల్జియం రాజధాని బ్రస్సెల్సులో జరిగినది చూడండి. ఒళ్ళు తగ్గడానికి మూలికలు వాడిన స్త్రీలలో మూత్రపిండాలు వేగంగా చెడిపోవడం 1993లో బయటపడింది. ఒక మూలికకు బదులు పేరు పోలిన మరొక మూలిక, ఆరిస్టొలోకియా జాతిది, కలిసిపోయింది. బాధితులు వందకు మించారు. చాలామందికి డయాలిసిస్సో, మూత్రపిండ మార్పిడో తప్పలేదు. తరువాతి సంవత్సరాలలో కొందరికి మూత్రనాళాలలో క్యాన్సరు కూడా వచ్చింది. ఆ జాతి మొక్కలు గల మందులు మానవులలో క్యాన్సరు కలిగిస్తాయని 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఈ జాతి మనకు దూరపుది కాదు. మన పల్లెలలో ఈశ్వరి అని, గాడిదగడపాకు అని పిలిచేవి ఆ జాతివే. పురుగు పుట్ర కుట్టినప్పుడు, కడుపులో పాములకు వాటిని నూరి ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉన్నది. దానిని మానడమే క్షేమమని నా దృఢమైన అభిప్రాయం.

లోహాల సంగతి ఇంకొకటి. 2004లో ప్రచురించిన ఒక పరిశీలనలో, అమెరికాలోని బోస్టను పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి కనబడినవి. మన దేశపు వైద్యులు 2022లో ప్రచురించిన పరిశీలనలో, మూత్రంలో మాంసకృత్తులు పోయే ఒక రకం మూత్రపిండ వ్యాధి గలవారిలో పలువురు దేశీయ మందులు వాడినవారేనని, ఆ మందులలో పాదరసం ఉన్నదని తేలింది. మందు మాన్పించగానే చాలామందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. రసౌషధాలను శుద్ధి చేయడంలో, మోతాదులో మన శాస్త్రం ఎంతో కట్టుదిట్టం చెప్పింది. ఆ కట్టుదిట్టం సంతలో అమ్మే పొట్లానికి, బస్టాండు పక్కన దొరికే పేరులేని గుళికకు ఉంటుందా?

విషపదార్థాలు గల ఆయుర్వేద మందుల పట్టిక ఒకటి మన ఔషధ నియమావళిలో ఇ-1 షెడ్యూలుగా ఉన్నది. అటువంటి మందు అట్ట మీద, వైద్యుని పర్యవేక్షణలో వాడవలెనని ఆంగ్లంలోను హిందీలోను ముద్రించాలి. తెలుగు మాత్రమే చదవగలిగిన మా అమ్మవంటి వారికి ఆ హెచ్చరిక ఉన్నా లేనట్లే. అది తెలుగులోనూ ఉండాలని మనం అడగాలి. అడిగేదాకా ఇంటిలో చదువుకున్నవారు పెద్దలకు చదివి చెప్పాలి.

ఇక చిట్కాల విషయం. చేప పిత్తపు తిత్తిని పచ్చిగా మింగితే కీళ్ళ నొప్పులు, మధుమేహం పోతాయని నమ్మేవారున్నారు. శీలావతి, బొచ్చె వంటి మనం వండుకునే చేపల పిత్తమే మింగినవారికి రోజుల వ్యవధిలో మూత్రపిండాలు నిలిచిపోయిన సందర్భాలు మన దేశంలోనే వైద్యులు నమోదు చేశారు. చిట్కా అనే పేరు పెట్టుకున్నంత మాత్రాన మందు మందు కాకుండా పోదు. దానికీ పద్దు కావాలి.

పద్దు ఎట్లా రాయాలి?

నా అభిప్రాయం ఒక్కటే. ప్రతి ఇంట మందుల పద్దు పుస్తకం ఉండాలి. పది రూపాయల నోటు పుస్తకం చాలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. మందు పేరు, ఎవరు చెప్పారు, దేనికి చెప్పారు, ఎప్పుడు మొదలు, రోజుకు ఎన్ని, ఎప్పుడు ఆపాలి అన్న ఆరు గడులు గీయండి. ఇంగ్లీషు మాత్ర, హోమియో గుళిక, చూర్ణం, లేహ్యం, బలానికి వేసుకునే పొడి, ఎదురింటివారు ఇచ్చిన మాత్ర, అన్నీ అందులోనే ఎక్కాలి. నొప్పి మాత్ర వేసుకున్న ప్రతిసారీ తేదీ వేయండి. పాలవాడి సున్నలాగా అది కంటికి కనబడాలి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా, ఆయన ఏ విధానం వాడైనా, ముందు ఆ పుట చూపించండి. చూడకుండా మందు రాసే వైద్యుణ్ణి, నావంటివాణ్ణి కూడా, “ఒక్కసారి చూడండి” అని అడిగే హక్కు మీకున్నది.

“ఆపాలి” అన్న గడి అన్నిటికంటె ముఖ్యం. కడుపు మంటకు రెండు వారాలకని రాసిన ఒమెప్రజోల్, ప్యాంటాప్రజోల్ వంటి గ్యాసు మాత్రలు ఏళ్ళ తరబడి సాగుతూ ఉంటాయి. ఇవి కొందరిలో మూత్రపిండాలకు వాపు తెస్తాయి. ఎముకల బలానికి 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికొకటి చొప్పున కొన్ని వారాలకని రాస్తే, రోజుకొకటి చొప్పున వేసుకొని, రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతిన్నవారున్నారు. ఈ పొరపాటు ఒక గడి గీస్తే తప్పుతుంది.

మోకాళ్ళ నొప్పికి మొదటి వైద్యం బయటి నుండి జరగాలి. వావిలాకు వేసి కాచిన నీళ్ళ కాపడం, గోరువెచ్చని నువ్వుల నూనె గాని మహానారాయణ తైలం గాని పట్టించి మెల్లగా మర్దన, ఇసుక మూటతో వేడి, తొడ కండరాలకు బలమిచ్చే తేలిక వ్యాయామం, బరువు తగ్గడం ఇవన్నీ మూత్రపిండాల జోలికి పోనివి. ఇవి చాలకపోతే పారసిటమాల్ వైద్యుడు చెప్పిన మోతాదులో వాడడం ఇతర నొప్పి మాత్రల కంటె మూత్రపిండాలకు క్షేమం. అదీ లెక్క మించితే కాలేయానికి హాని చేస్తుంది గనుక దానికీ పద్దు తప్పదు.

వాంతులు, విరేచనాలు, తీవ్రమైన జ్వరం వచ్చిన రోజున నొప్పి మాత్రలు వెంటనే ఆపండి. ఉప్పు, పంచదార కలిపిన నీరో, ఓ.ఆర్.ఎస్. ద్రవమో కొద్దికొద్దిగా తాగించండి. రక్తపోటు మాత్ర, నీరు తీసే మాత్ర, కొన్ని మధుమేహం మాత్రలు ఆ రెండు మూడు రోజులు ఆపవలసి ఉంటుందా అని అదే రోజు వైద్యుణ్ణి అడగండి. మీ అంతట మీరు వాటిని మానవద్దు. తగ్గిన తరువాత మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అడిగి రాసుకోండి.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, అరవై దాటినవారు, రోజూ ఏదో ఒక మందు వాడేవారు ఏడాదికొకసారి రెండు పరీక్షలు చేయించుకోవాలి. ఒకటి రక్తంలో క్రియాటినిన్, రెండు మూత్రంలో అల్బుమిన్. క్రియాటినిన్ పెరిగినట్లు కనబడేసరికి మూత్రపిండాల పని సగం వరకు తగ్గి ఉండవచ్చు. బక్కపలచని వృద్ధ స్త్రీలలో ఆ అంకె 1.2 ఉన్నా అంతా సవ్యమనుకోరాదు. వయసును బట్టి లెక్క కట్టిన వడపోత శాతాన్ని వైద్యుణ్ణి అడిగి పద్దులో రాసుకోండి. మూత్రం తగ్గడం, నురగ కట్టడం, ఉదయం కళ్ళ కింద ఉబ్బు, పాదాల వాపు, కొత్త మందు తరువాత దద్దురుతో జ్వరం, ఇవి కనబడితే కషాయాలతో కాలయాపన చేయవద్దు. నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. మందు వలన కలిగిన హానిని త్వరగా కనిపెట్టి ఆ మందు ఆపితే మూత్రపిండం చాలా సందర్భాలలో తిరిగి కోలుకుంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఇప్పటికే దెబ్బతిన్నవారికి

మూత్రపిండాలు బలహీనపడినవారు “కిడ్నీలకు మంచిది” అని ఎవరేమి చెప్పినా వెంటనే మొదలుపెట్టకూడదు. కొబ్బరినీళ్ళు ఆరోగ్యవంతునికి అమృతం. వడపోత తగ్గినవారికి అందులోని పొటాషియం గుండెకు ప్రమాదం తేవచ్చు. రక్తపోటుకని కొందరు వాడే తక్కువ సోడియం ఉప్పులోనూ ఉండేది పొటాషియమే. నేను ఎంతో నమ్మకంగా ఇచ్చే పునర్నవలోనూ పొటాషియం లవణాలున్నవి. నీరు బాగా తాగమనే సలహా కూడా అందరికీ వర్తించదు. వాపు, గుండె జబ్బు ఉన్నవారు రోజుకు ఎంత తాగాలో వైద్యుడే చెప్పాలి. గుండె, మెదడు, పొట్ట పరీక్షలకై నరంలోకి రంగుమందు ఎక్కించేముందు, జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదిమందులు ఇచ్చేముందు, మూత్రపిండాల సంగతి మీరే నోరు విప్పి చెప్పండి. రక్తపోటును, చక్కెరను అదుపులో ఉంచడం, ఉప్పు తగ్గించడం, పొగాకు మానడం, ఈ నాలుగింటికి మించిన రసాయనం నాకు తెలిసి లేదు.

ఆసుపత్రి నుండి వచ్చాక మా అమ్మ క్రియాటినిన్ 1.9 దగ్గర నిలిచింది. ఆ మీద ఆమె పదకొండేళ్ళు బ్రతికింది, మళ్ళీ డయాలిసిస్ అవసరం లేకుండానే. బిస్కెట్ల డబ్బాలో తరువాత సూదులు, దారపు ఉండలు ఉండేవి. మందుల పద్దు ఆమె తానే, గుండ్రని పాతకాలపు అక్షరాలతో రాసుకునేది. 2014లో ఆమె పోయాక ఆ పుస్తకం తెరచి చూశాను. నేను ఇచ్చిన ఒక చూర్ణం ఎదుట “పని చేయలేదు, అబ్బాయికి చెప్పాను” అని ఉన్నది. ఏ పట్టాకంటె విలువైనదిగా ఆ పుస్తకాన్ని దాచుకున్నాను.

ఈ సంచిక చదవడం ముగించిన వెంటనే మీ ఇంటి మందుల డబ్బా తెచ్చి, పెద్దవారి ఎదుట బల్ల మీద కుమ్మరించండి. కోప్పడకుండా అడగండి. మొదటి పుట ఈరోజే రాయండి.